ఆటో స్టార్టర్ (వ్యవసాయ పంపుసెట్లు)

కరెంటు రాగానే మనిషి చేయి పడకుండా వ్యవసాయ మోటారును నడిపించే పరికరం. తెలుగు రాష్ట్రాల సేద్యంలో స్వయంచాలన అనదగ్గది సామాన్య రైతు దాకా వచ్చింది బహుశా ముందుగా ఈ రూపంలోనే. డ్రోన్లు చాలా తర్వాతి సంగతి.

మామూలు స్టార్టర్‌లో పచ్చ బటన్ నొక్కితే లోపలి కాయిల్ అయస్కాంతమై కాంటాక్టులను పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే వదిలేస్తుంది. తిరిగి వచ్చినా ఎవరో ఒకరు వెళ్లి బటన్ నొక్కాల్సిందే. ఇది భద్రత కోసం కావాలని పెట్టిన ఏర్పాటు. ఆటో స్టార్టర్ మూడు ఫేజులూ ఉన్నాయో లేదో చూసుకుని, కొన్ని సెకన్లు ఆగి, ఆ బటన్ పని తానే చేస్తుంది. చౌక రకాల్లో ఈ చూసుకోవడం, ఆగడం రెండూ అంతంతమాత్రమే.

2004 మే 14న ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్ ఫైలుపై సంతకం చేశాకే ఇవి విస్తరించాయని ఒక వాదన. అయితే 1980ల తొలినాళ్ల నుంచే హార్స్‌పవర్ లెక్కన శ్లాబు ఛార్జీలు ఉన్నాయి. మోటారు ఎన్ని గంటలు తిరిగినా బిల్లు పెరిగేది కాదు. కాబట్టి వేళాపాళా లేని విడతల కరెంటే అసలు కారణమన్న రెండో వాదన సబబుగా తోస్తుంది. అర్ధరాత్రి విడతలో బోరు దగ్గరికి వెళ్లడమంటే గట్టు మీద పాము, తడి చేతికి షాకు రెండూ పొంచి ఉన్నట్టే.

నష్టాలూ తక్కువేమీ కావు. నేరుగా స్టార్టయ్యే మోటారు తొలి క్షణాల్లో మామూలు కంటే సుమారు 5 నుంచి 7 రెట్లు కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ఫ్యూజులు ఎగిరిపోతాయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. బోరు ఎత్తిపోయినా మోటారు తిరుగుతూనే ఉంటే కాలేది వైండింగ్.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం రైతులను కోరింది. కోతలు లేకపోతే మోటారు ఆగదు, భూగర్భజలం అడుగంటుతుందన్నది దాని భయం.

సెల్‌ఫోన్‌తో నడిచే మొబైల్ స్టార్టర్ దీని తర్వాతి తరం. పుణెలో రూపొందిన నానో గణేశ్ 2009లో నోకియా పోటీలో బహుమతి గెలుచుకుంది. బెంగళూరు నుంచి కిసాన్ రాజా వచ్చింది. వీటిలో మోటారు వేయాలో వద్దో ఇంటి దగ్గరి నుంచే రైతు తేల్చుకుంటాడు. కరెంటు పోయిన కబురు కూడా చేరవేయాలంటే పెట్టెలో బ్యాటరీ ఉండాలి. సిగ్నల్ అందని చేలల్లో మాత్రం ఇది పనికిరాదు.