చూడని నౌకకు బొమ్మలు గీసినవాళ్లు

అమెరికన్ టీవీ సీరియల్ స్టార్ ట్రెక్‌ను బాగా ఎరిగినవాళ్ల చేతికి గోల్డ్ కీ కంపెనీ వేసిన తొలి కామిక్స్ ఇస్తే ముందు పక్కున నవ్వుతారు. కథ నడిచే ఎంటర్‌ప్రైజ్ అంతరిక్ష నౌక వెనక ఉన్న రెండు పొడవాటి గొట్టాల్లోంచి మంటలు చిమ్ముతుంటాయి. టీవీలో ఆ నౌక ఎన్నడూ నిప్పులు కక్కలేదు. కొత్త గ్రహం మీద దిగిన సిబ్బంది వీపులకు సంచులు తగిలించుకుని కొండలెక్కే యాత్రికుల్లా నడుస్తుంటారు. చొక్కాల రంగులూ తేడాయే. సిబ్బందిలో ఒకడైన స్పాక్ మొనదేలిన చెవులు మాత్రం సరిగ్గానే ఉంటాయి, ఎందుకంటే అవి ప్రచార ఫోటోల్లో స్పష్టంగా కనబడేవి.

ఈ తప్పుల వెనక కారణం చాలా మామూలుది. ఆ బొమ్మలు గీసినవాళ్లు సీరియల్ చూడలేదు.

కథ అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, రాసీన్ అనే ఊళ్లో మొదలవుతుంది. అక్కడి వెస్టర్న్ పబ్లిషింగ్ సంస్థకు సినిమా స్టూడియోలతో పాత పరిచయాలు ఉండేవి. డిస్నీ పాత్రలతో పుస్తకాలు అచ్చువేసే హక్కులు 1930ల నుంచే దాని చేతిలో ఉన్నాయి. పుస్తకాన్ని వెస్టర్న్ తయారుచేసేది, డెల్ సంస్థ డబ్బు పెట్టి బజారుకు పంపేది. 1950ల్లో అమెరికన్ ఇళ్లలోకి టీవీ వచ్చేసరికి ఈ జంటకు పని పెరిగింది. లోన్ రేంజర్, జోరో, గన్‌స్మోక్, ఏ సీరియల్ జనానికి పడితే అది కామిక్‌గా వచ్చేది. అట్ట మీద నటుడి ఫోటో, లోపల గీసిన బొమ్మలు. జోరోకు బొమ్మలు వేసిన అలెక్స్ టోత్‌ను తర్వాతి తరం చిత్రకారులు గురువుగా చూశారు. స్క్రిప్టులో మాటలు మరీ ఎక్కువని ఆయన విసుక్కునేవాడు. ఆ పుస్తకాలు తిరగేస్తే ఆ విసుగు న్యాయమేననిపిస్తుంది.

ఇంత గిరాకీ ఎందుకంటే, వీసీఆర్ ఇంకా ఇళ్లలోకి రాలేదు. ఒక భాగం ప్రసారమైపోతే పోయినట్టే, మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియదు. పిల్లవాడు తన దగ్గర ఉంచుకుని, మంచం మీద పడుకుని పదిసార్లు చూసుకోగలిగింది ఆ పుస్తకం ఒక్కటే. మన దగ్గర సినిమా స్టిల్స్‌తో వచ్చిన వెండితెర నవలలు చేసిన పనీ ఇదే. ముళ్లపూడి వెంకటరమణ అంతటి రచయిత వాటికి కలం పట్టారంటే వాటికి ఎంత ఆదరణ ఉండేదో ఊహించుకోవచ్చు.

1962లో డెల్, వెస్టర్న్ విడిపోయాయి. వెస్టర్న్ సొంతంగా గోల్డ్ కీ పేరుతో కామిక్స్ మొదలుపెట్టింది. 1966 సెప్టెంబర్ 8న ఎన్‌బీసీ టీవీలో స్టార్ ట్రెక్ మొదలైంది. మరుసటి ఏడాదే గోల్డ్ కీ తొలి సంచిక బజారులో ఉంది, వెల 12 సెంట్లు.

అయితే బొమ్మలు గీసింది ఇటలీలో. మొదటి రెండు సంచికలు నెవియో జెక్కారా గీశాడు, మూడో సంచిక నుంచి ఆల్బెర్టో జొలిట్టి అందుకున్నాడు. జొలిట్టి అప్పటికే చెయ్యి తిరిగినవాడు. అర్జెంటీనాలో, తర్వాత అమెరికాలో పనిచేసి, డెల్‌కు ఎన్నో పుస్తకాలు గీసి, 1960 ప్రాంతంలో రోముకు తిరిగొచ్చి స్టూడియో పెట్టుకున్నాడు. అమెరికాలో రాసిన స్క్రిప్టు, ప్రచారానికి తీసిన కొన్ని స్టిల్స్ ఆయనకు చేరేవి. సీరియల్ అప్పటికి ఇటలీలో ప్రసారం కాలేదు. ఫోటోలో నౌక ఆకారం కనిపిస్తుంది గానీ అది ఎలా కదులుతుందో కనిపించదు కదా! రాకెట్ అన్నాక వెనక మంట ఉండాలనుకున్నారు, పెట్టేశారు.

కథ రాసినవాళ్లూ సీరియల్‌ను అంత శ్రద్ధగా పట్టించుకోలేదు. తొలి సంచికలో సిబ్బంది దిగిన గ్రహమంతా మనుషుల్ని మింగే మొక్కలే. చివరికి ఎంటర్‌ప్రైజ్ పైనుంచి కిరణాలు కురిపించి ఆ గ్రహం మీది పచ్చదనాన్నంతా మాడ్చేస్తుంది. ఇతర లోకాల జీవితంలో వేలు పెట్టకూడదన్నది టీవీలో ఈ నౌకకు కట్టుదిట్టమైన నియమం. ఇదేం న్యాయమని పుస్తకంలో ఒక్కరూ అడగరు.

అయినా జొలిట్టి పేజీలను ఊరికే కొట్టిపారేయలేం. టీవీవాళ్లకు బడ్జెట్ చాలక గ్రహమంటే ఉత్తుత్తి రాళ్లు, వెనక రంగు తెర. జొలిట్టికి ఆ బాధ లేదు. కూలిన నగరాలు, లోయలు, వింత మృగాలు ఎన్నయినా గీయొచ్చు, కాగితం ఖర్చు ఒక్కటే. సీరియల్ చూడకపోవడం ఇక్కడ ఆయనకు మేలే చేసిందని నా అభిప్రాయం. ఆ రాళ్లు చూసి ఉంటే అవే గీసేవాడు.

1971లో లెన్ వీన్ కథలు రాయడం మొదలుపెట్టాక దారి మారింది. అతను స్వయంగా ఆ సీరియల్ అభిమాని. పాత్రల మాటతీరు టీవీకి దగ్గరైంది. తర్వాతి కాలంలో మార్వెల్ కామిక్స్ వీరుడు వుల్వరిన్ పాత్ర సృష్టిలో పాలుపంచుకున్న రచయిత ఇతనే.

విచిత్రమేమిటంటే అప్పటికి సీరియలే లేదు. 79 భాగాల తర్వాత 1969 జూన్‌లో ఎన్‌బీసీ దాన్ని ఆపేసింది. ఊరూరా స్థానిక టీవీ స్టేషన్లు పాత భాగాలనే తిప్పితిప్పి వేస్తుంటే అభిమానులు అంతకంతకూ పెరిగారు. 1973, 74ల్లో వచ్చిన 22 యానిమేషన్ భాగాలను పక్కన పెడితే తెర మీద కొత్త కథ లేదు. కామిక్ మాత్రం వస్తూనే ఉంది. మూడేళ్లు నడిచిన సీరియల్‌కు పన్నెండేళ్లు నడిచిన పుస్తకం! 61వ సంచికతో 1979లో ముగిసింది. ఆ డిసెంబర్‌లోనే స్టార్ ట్రెక్ సినిమా విడుదలైంది, కామిక్స్ హక్కులు మార్వెల్‌కు వెళ్లాయి.

2014 నుంచి ఐడీడబ్ల్యూ సంస్థ ఈ పాత సంచికలను గట్టి అట్టల సంపుటాలుగా మళ్లీ తెచ్చింది. 1980ల్లో దూరదర్శన్‌లో స్పాక్‌ను చూసి పెరిగినవాళ్లు దొరికితే చదవండి. కాకపోతే వరుస తప్పించి, లెన్ వీన్ రాయగా జొలిట్టి గీసిన సంచికల దగ్గర మొదలుపెట్టండి. మొదటి సంచికను తర్వాత సరదాకి చదువుకోవచ్చు.