బడి పనిముట్లును బడిపంతులును

నెల్లూరికి ఉత్తరమున, పెన్న కాలువల నీటితో వరి పండు నేలలో కొడవలూరు కలదు. అచ్చటి రైతునకు వేఱుగ చెప్పనక్కఱలేని మాట యొకటి యున్నది: కాలువకు నీరు వచ్చినంతమాత్రమున చేను పండదు. ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు కావలయునో యెఱిగి మడవ తెఱచువాడు గట్టుమీద నుండవలయును. మన పాఠశాలలకు నేడు క్రొత్త సాధనములు కాలువనీటివలె వచ్చుచున్నవి. మడవకడ నిలిచినవారెవరని మాత్రము తఱచుగా నెవరును అడుగుట లేదు. ఈ ప్రశ్నకు చరిత్రము చెప్పు బదులును చూతము.

వెనుకటి వీథిబడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. 1789వ సంవత్సరమున చెన్నపట్టణమందలి ఎగ్మూరులో సైనికుల అనాథబాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఒక దేశీయపాఠశాలలో ఈ ఇసుకవ్రాతను చూచి, తన బడిలోను దీనిని ప్రవేశపెట్టుడని ఉపాధ్యాయులతో చెప్పెను. అది సాధ్యము కాదని వారనిరి. అంతట బెల్, జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునికి చిన్నపిల్లల తరగతి నప్పగించెను. పెద్దలు కాదన్న పని ఆ బాలుని చేతిలో నెఱవేఱెను. బెల్ 1797లో ఈ వృత్తాంతమును గ్రంథముగా ప్రకటించిన పిమ్మట, పిల్లలచే పిల్లలకు చెప్పించు నా విధానము ఇంగ్లండులో మద్రాసుపద్ధతి యను పేర ప్రసిద్ధి కెక్కెను. ఇసుక ఇరువురికిని ఒక్కటియే. ఉపాధ్యాయులకు లేనిదియు బాలునికి గలదియు, పనియందలి యిష్టమును, పై యధికారి నమ్మకమును మాత్రమే.

1822లో గవర్నరు మన్రో మద్రాసు రాజధానిలోని బడుల లెక్కలు పంపవలసినదిగా కలెక్టర్ల నాజ్ఞాపించెను. బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో వ్రాసిన నివేదికలో, స్వల్పవ్యయముతో వ్రాత నేర్పు మన బడుల నేర్పును మెచ్చుకొనెను. లోపము చదివించు పుస్తకములయందును, సమర్థులైన గురువులు లేకుండుటయందును ఉన్నదని తేల్చెను. 1826లో మన్రో ఆ లెక్కలన్నియు పరిశీలించి, రాజధానిలో 12,498 బడులున్నవనియు, ఉపాధ్యాయునికి సాధారణముగా నెలకు ఆఱేడు రూపాయలకు మించి రాబడి లేదనియు, అంత కొంచెమునకు యోగ్యులు ఈ వృత్తికి రారనియు వ్రాసెను. బడికి లోటు పనిముట్టు కాదు, పంతులని రెండువందల యేండ్ల క్రిందటనే తేలినదన్నమాట.

ఒకటిన్నర శతాబ్దము గడచెను. 1975 ఆగష్టు 1వ తేదినుండి 1976 జూలై 31వ తేదివఱకు, అమెరికావారి ఉపగ్రహము సాయమున, మన రాష్ట్రముతో కూడ ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారము చేసిరి. పగలు బడిపిల్లలకును, సాయంకాలము పెద్దలకును కార్యక్రమము లుండెను. మన శాస్త్రజ్ఞు లా యేడు నేర్చినది గొప్పదే. ఇన్సాట్ ఉపగ్రహములకు అది బాట వేసెను. కాని బడిలో తెరమీది పాఠము పంతులు వశమున లేదు. పిల్లవాడు తెలియలేదని చేయెత్తినను అది ఆగదు. గడువు తీరగానే ఉపగ్రహము మరలిపోయెను. పెక్కు పల్లెలలో తెర చీకటియయ్యెను. పైనుండి వచ్చినది పైకే పోయినది.

దీనికి సాటిగా మా జిల్లాలోనే జరిగిన మఱియొక కథ చూడుడు. 1990వ దశాబ్దపు తొలియేండ్లలో నెల్లూరుజిల్లాలో సంపూర్ణాక్షరాస్యతోద్యమము సాగెను. సాధనములు పలక, దీపము, చిన్నవాచకము మాత్రమే. చెప్పువారు ఊరివారు, చదువుకొనువారు పగలెల్ల కూలి చేసి వచ్చిన స్త్రీలు. వాచకములో సారావలని కష్టములను గూర్చిన పాఠముండెను. ఆ పాఠమును వారు చదివి విడువలేదు, తమ కాపురములతో పోల్చి చర్చించిరి. 1992లో దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించిరి. జిల్లా యెల్ల కదలెను. 1993 ఏప్రిలు 15న నెల్లూరుజిల్లాలోను, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషిద్ధమయ్యెను. ఆకాశమునుండి వచ్చిన తెర చేయలేని పనిని, చేతిలోని వాచకము చేసెను. దానిని పట్టినవారు దానికి యజమానులు గనుక.

ఇక నేటి మాట. 2022 డిసెంబరులో ప్రభుత్వపాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులు పంచిరి. పిమ్మట తరగతిగదులకు స్పర్శతెరలు వచ్చెను. ఇవి వలదని మే మనము. పేదపిల్లవానికి మంచిపాఠము ఏ రూపమున వచ్చినను మేలే. ఐతే ఆ 2022లోనే, ఉపాధ్యాయుని ముఖమును ఫోనులో చూపి హాజరు వేయు విధానము రాగా ఉపాధ్యాయసంఘములు అభ్యంతరము తెలిపెను. సాధనము పంతులు చేతిలో నుండుట వేఱు, పంతులే సాధనము చేతిలో నుండుట వేఱు. ఈ భేదమును గుర్తింపని పాలన, ఎంత ధనము వెచ్చించినను బడిని బాగు చేయజాలదు.

ఉపాధ్యాయులకును ఒక మాట. సాధ్యము కాదన్న ఎగ్మూరు పంతుళ్లను ఎనిమిదేండ్ల బాలుడు దాటిపోయిన సంగతి మఱవరాదు. క్రొత్తదానిని ఎఱుగక కాదనుట వృత్తిగౌరవము కాదు.

కావున మేము కోరునది మూడు సంగతులు: ఏ తరగతికి ఏ సాధనము కావలయునో చెప్పు హక్కు ప్రధానోపాధ్యాయునికి ఉండవలయును, దానిని నేర్చుకొనుటకు ఉపాధ్యాయులకు తీఱిక యుండవలయును, చెడినప్పుడు బాగుచేయించుటకు బడియందే కొంత పైక ముండవలయును. ఈ మూడును లేనిచోట ఎంత వెలగల తెరయైనను గోడకు అలంకారమే. కాలువ త్రవ్వించుట దొరతనమువారి పని. మడవ తెఱచుట మాత్రము, చేని నెఱిగినవానికే విడువవలయును.