పల్లె చేతికి వచ్చిన కెమెరా



కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో ఏ పల్లెకు పోయినను, ఇంటి గోడమీద పూలదండ వేసిన పటము ఒకటి కనబడును. గతించిన తండ్రిదో తల్లిదో యగును. ఆ పటమును కొంచెము నిదానించి చూడుడు. ముఖము మసకగా నుండును, కన్నులు బెదరినట్లుండును, వెనుక ఒక తెల్లని గుడ్డయో బడిగోడయో యుండును. అది ఆ పెద్దమనిషి ముచ్చటపడి దిగిన ఫోటో కాదు. ఓటరు గుర్తింపు కార్డుకొరకు సర్కారువారు వరుసలో కూర్చుండబెట్టి తీసిన బొటనవ్రేలంత బొమ్మను, ఆయన పోయిన పిమ్మట కొడుకులు ఫోటో దుకాణమునకు కొనిపోయి పెద్దది చేయించిరి. డెబ్బది యేండ్లు బ్రతికి, ఏరువాక సాగించి, పిల్లల పెండ్లిండ్లు చేసిన మనిషికి మిగిలిన ముఖము అది యొక్కటియే. ఆ కార్డుల పద్ధతిని ఎన్నికల సంఘము 1993లో, టి. ఎన్. శేషన్ గారు ప్రధాన కమీషనరుగా నున్నప్పుడు ప్రారంభించెను. దొంగవోట్లను మాన్పుటకు తలపెట్టిన పని మన ముదుసలులలో ఎందరికో మొదటి ఫోటోను, కొందరికి కడపటి ఫోటోను ఇచ్చిపోయినది.

ఈ ప్రసంగమున నేను చెప్పదలచినది ఈ ముఖముల కథ. కెమెరా ఎవరి చేత నుండెనో వారు చూడదలచినదే మిగిలినది. తక్కినది కాలమున కలిసిపోయినది. ఆ యంత్రము దర్బారునుండి దుకాణమునకు, దుకాణమునుండి మన యింటి అలమారలోనికి వచ్చుటకు నూట అరువదియేండ్లు పట్టినది.

ఫ్రాన్సు దేశమున డాగెర్ అనునాతని ఛాయాచిత్రణ విధానము 1839లో లోకమునకు వెల్లడియయ్యెను. మన నిజాము రాజ్యమున ఆ విద్యకు కీర్తి తెచ్చినవాడు లాలా దీనదయాళ్. ఆయన 1844లో మీరట్టు సమీపమునగల సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇందూరులో నక్షాలు గీయు ఉద్యోగమున నుండెను. ఈ ఇందూరు మన నిజామాబాదు పాతపేరు కాదు సుమా; మాళవదేశమున హోల్కరుల రాజధాని. ఆయన 1880ల నడుమ హైదరాబాదు చేరి, సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1894లో రాజా ముసవ్విర్ జంగ్ బహదూరు బిరుదము నందెను. ముసవ్విరు అనగా చిత్రకారుడు. ఘోషా స్త్రీలకొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగ ఒక స్టూడియో తెరచి, అచట స్త్రీలే ఫోటోలు తీయునట్లు ఏర్పాటుచేసెను. ఆ కాలమునకు అది చిన్న సంగతి కాదు.

దీనదయాళ్ రాజులను, వేటలను, మహళ్ళను మాత్రమే కాక, కరవు కాలమున నిజాము సర్కారు సాగించిన పనులను గూడ చిత్రించెను. గంపలు మోయు కూలీలు ఆ చిత్రములలో నున్నారు. చిత్రములు ఆల్బములుగా ప్రభువులకు చేరినవి. గంప మోసినవానికి తన బొమ్మ చేతికి రాలేదు. ఇందులో ఆ చిత్రకారుని తప్పేమియు లేదు. పెద్ద కొయ్యపెట్టె, మూడుకాళ్ళ పీట, బరువైన గాజుపలకలు, చీకటిగది, రసాయనములు: ఇంత సరంజామాకు అయ్యెడి వ్యయమును దర్బారు తప్ప మరెవ్వరు భరింపగలరు?

మన ప్రాంతపు సంగతి చూడుడు. సికిందరాబాదునుండి మన్మాడువరకు వేసిన రైలుదారి 1900 ప్రాంతమున కామారెడ్డి మీదుగా పోయినది. పిమ్మట ఎల్లారెడ్డి సీమలో మంజీరమీద అలీ నవాజ్ జంగ్ బహదూరు ఆధ్వర్యవమున నిజాంసాగరము 1923లో మొదలై 1931లో పూర్తియయ్యెను. ఆనకట్ట నిలిచినది, జలాశయము క్రింద పల్లెలు మునిగినవి. ఆనకట్ట రూపమును మనము నేడును కన్నులార చూచుచున్నాము. మునిగిన యిండ్ల గడపలు, ఆ గడపలలో కూర్చుండిన మనుష్యులు మాత్రము, చెప్పుకొన్న మాటలలో తప్ప బొమ్మలలో మన యిండ్లకు చేరలేదు. గోదావరి కావల ఆదిలాబాదు గోండుల ఫోటోలను 1940లలో హైమెన్‌డార్ఫ్ అను పండితుడు శ్రద్ధతో తీసెను. అవి నేడు లండను నగరములోని విద్యాసంస్థలో భద్రముగ నున్నవి. భద్రముగ నుండుట మంచిదే. అయినను తన తాత ముఖము చూచుటకు మనుమడు లండనువారి నడుగవలసియుండుట ఎట్టిదో ఆలోచింపుడు.

అమెరికాలో ఈస్ట్‌మన్ అనునాతని కోడక్ కంపెనీ 1900లో బ్రౌనీ అను అట్టపెట్టె కెమెరాను ఒక్క డాలరునకు, అనగా నాటి లెక్కన సుమారు మూడు రూపాయలకు, అమ్మెను. అది పిల్లలకై చేసినది. అయితే మూడు రూపాయలనగా మన పల్లెలో అప్పుడు చిన్న మొత్తమా? స్వాతంత్ర్యానంతరమున బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ కెమెరా మధ్యతరగతి యిండ్లలో ప్రవేశించెను. ఒక రీలుకు పండ్రెండు బొమ్మలు. ఉదకమండలమున 1960లో నెలకొల్పిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ 'ఇందు' పేర నలుపు తెలుపు ఫిల్ములను ఈ దేశముననే చేసెను. ఇంతయయ్యు పల్లెవాడు ఫోటో దిగవలెనన్న స్టూడియో మెట్లెక్కవలసినదే. రంగుల పరదా, కొయ్య కుర్చీ, అరువు తెచ్చిన గడియారము! మన తండ్రుల పెండ్లి ఫోటోలలో చేతి గడియారము ఎవరిదో విచారించినచో నవ్వు వచ్చును.

తరువాత దుబాయి వచ్చినది. మన సీమవారికి దుబాయి యనగా ఒక ఊరు కాదు. మస్కటు, కువైటు, సౌదీ అన్నియు దుబాయే. బ్రతుకుతెరువుకై సముద్రము దాటినవారు తిరిగి వచ్చునపుడు పెట్టెలో చీరలు, అత్తరు, టేపురికార్డరుతోపాటు కెమెరాను తెచ్చుట ఆరంభించిరి. యంత్రము వచ్చినది గాని ఖర్చు తగ్గలేదు. రీలు కొనవలెను, ముప్పదియారు బొమ్మలు పూర్తియగువరకు వేచియుండవలెను, కడిగించుటకు రైలు లేని ఎల్లారెడ్డినుండి బస్సెక్కి కామారెడ్డికో, ఇంకను దూరమునకో పంపవలెను. కావున పెండ్లికి, తొట్టెలకు, దినములకు తప్ప మీట నొక్కుటకు ఎవరికిని మనసొప్పలేదు. ఊరక వాకిట కూర్చున్న అవ్వకొరకు రీలులో ఒక బొమ్మను ఖర్చుచేయువా డెవ్వడు?

ఇట్టి స్థితిలో ఫిల్ము అక్కరలేని కెమెరా వచ్చెను. దీని మూలము 1969లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున బాయిల్, స్మిత్ అనువారు కల్పించిన చిన్న పలక; ఈ కల్పనకే వారు 2009లో నోబెలు బహుమానము నందిరి. దాని పని మన వరిపొలమును బట్టి గ్రహింపవచ్చును. పలకయంతయు సూక్ష్మమైన మడులు. కెమెరా కన్ను తెరచినప్పుడు ప్రతి మడిలోను పడిన వెలుతురునుబట్టి అంత విద్యుత్తు నిలుచును. వెలుగు ఎక్కువ పడినచోట ఎక్కువ, నీడలో తక్కువ. పిమ్మట వరుసగా నిలిచినవారు బిందెలను చేతులమీదుగా అందించునట్లు ఒక మడి తరువాత ఒక మడి తన విద్యుత్తును అంచువరకు చేర్చును. అచట కొలత వేసి అంకెలుగ వ్రాసిపెట్టుదురు. బొమ్మ యనగా ఈ అంకెల పట్టికయే. పది లక్షల మడులను ఒక మెగాపిక్సెల్ అందురు.

ఈ పలకతో కోడక్ కంపెనీలోని స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు 1975లో మొదటి డిజిటల్ కెమెరాను కూర్చెను. బరువు మూడున్నర కిలోలకు పైగా; మడులు పదివేలు మాత్రమే; ఒక్క నలుపు తెలుపు బొమ్మ క్యాసెట్ టేపుమీద నెక్కుటకు 23 సెకండ్లు. ఫిల్ము అమ్ముకొని బ్రతుకు కంపెనీకి ఫిల్ము అక్కరలేని యంత్రము ముచ్చటగా తోచలేదు. అదే కంపెనీ 2012 జనవరిలో దివాలా రక్షణకై న్యాయస్థానము నాశ్రయించెను. జపానువారి క్యాసియో కంపెనీ 1995లో క్యూవీ-10 అను కెమెరాను 65,000 యెన్నులకు అమ్మెను. తీసిన బొమ్మను అప్పుడే చూచుకొనుటకు దాని వీపున చిన్న తెర యుండెను. నా దృష్టిలో అసలు మార్పు ఈ తెరతో వచ్చినదే. మెగాపిక్సెళ్ళు తరువాతి మాట.

మన దేశమున 2005, 2006 ప్రాంతమునకు చిన్న డిజిటల్ కెమెరాలు ఏడెనిమిది వేల రూపాయలకు దొరకసాగినవి. కోడక్ ఈజీషేర్, క్యానన్ పవర్‌షాట్ మొదలైన పేర్లు మీ యింటి పిల్లల నోట వినియే యుందురు. చవుక యని పట్నమువారనిరి. మనము లెక్క చూతము. గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరిలో మొదలైనపుడు, కామారెడ్డి, ఎల్లారెడ్డి అప్పుడు చేరియున్న నిజామాబాదు జిల్లా మొదటి విడతలోనే దానిలో నుండెను. దినకూలి 80 రూపాయలు; ఇంటికి ఏడాదిలో నూరు దినముల పని. మొత్తము 8,000. ఇంటిల్లిపాదియు ఏడాదియంత చెరువుమట్టి మోసినచో ఒక చవుక కెమెరా వచ్చునన్నమాట! అందువలననే అది కూలి సొమ్ముతో గాక ఎక్కువగా దుబాయి సొమ్ముతోను, ఉద్యోగస్థులైన కొడుకుల జీతముతోను పల్లె కెక్కినది. ఒక వాడలో ఒకటి యున్నను చాలెను. చీపురువలె, జల్లెడవలె ఇల్లిల్లు తిరిగెను.

దానితో చిక్కులు లేకపోలేదు. చాలవాటిలో పెన్సిలు సెల్లులు వేయవలెను. కరెంటు కోతల కాలమున కిరాణా కొట్టులో దొరకు సెల్లు వరమే. అయితే టార్చిలైటుకు చాలు మామూలు సెల్లు కెమెరాలో కొన్ని బొమ్మలకే చల్లబడును. చార్జి చేయదగిన సెల్లులు కొనిన పిమ్మటగాని పెండ్లి యంతయు తీయుట సాధ్యము కాలేదు. మధ్యాహ్నపుటెండలో వెనుక తెరమీద ఏమియు కనబడదు. సాయంకాలము ఇంటిలోపల తీసినచో ముఖములు కదలిపోవును. ఫ్లాషు వేసినచో కన్నులు ఎఱ్ఱబారును. మీట నొక్కినప్పటికిని బొమ్మ పడినప్పటికిని నడుమ రెప్పపాటు ఆలస్యముండెను. ఆలోపల పసిపిల్ల మొగము త్రిప్పుకొనును. మీటను ముందు సగము నొక్కి పట్టి, కెమెరా దూరము సరిచూచుకొన్న పిమ్మట పూర్తిగ నొక్కవలెనను కిటుకు తెలిసినవాడు ఊరిలో ఫోటోగ్రాఫరుగా చెల్లుబడియయ్యెను.

అయినను ఒక గొప్ప సంగతి జరిగినది. ఒకసారి కొనిన తరువాత బొమ్మకు ఖర్చు లేదు. కావున పని లేని బొమ్మలు తీయబడినవి. పని లేనివని అంటిని గాని అవియే పనికివచ్చు బొమ్మలు. కల్లములో వడ్లు తూర్పారబట్టుట, ఎడ్లజత, ట్రాక్టరు రాకముందటి మోట బావి, బతుకమ్మ పేర్చు ఆడబిడ్డలు, బీడీలు చుట్టు చేతులు, పచ్చబొట్టు చేతులతో వాకిట కూర్చున్న అవ్వ. ఆమెకు తెర చూపినపుడు, "గిది నేనేనా?" అని నవ్వెను, ఆ నవ్వును మరల తీసిరి. స్టూడియో కుర్చీలో బిగుసుకొని కూర్చున్న తరమునకును ఈ అవ్వకును ఉన్న భేదము ఆ రెండవ బొమ్మలో నున్నది. చరిత్ర వ్రాయువానికి దర్బారు బొమ్మ యెంతయో ఆ బొమ్మయు అంతే.

ఆ చిన్న కెమెరాల కాలము పదియేండ్లు నిండకముందే ముగిసినది. సెల్‌ఫోనులోనికే కెమెరా చొచ్చెను. నా భయము ఇచటనే. దీనదయాళ్ గాజుపలకలు నూరేండ్లు దాటినను నిలిచినవి. 2,857 పలకలు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. ఓటరు కార్డు బొమ్మ మసకయైనను కాగితముమీద నున్నది. 2003కును 2012కును నడుమ మన యిండ్లలో తీసిన బొమ్మలో? గోరంత మెమరీ కార్డులోను, గీతలు పడిన సి.డి.లోను, చెడిపోయిన కంప్యూటరులోను ఉన్నవి. కాగితముమీద వేయించినవారు తక్కువ. "చూచితిమి గదా, ఇంకెందుకు" అనిరి. అప్పటి అవ్వలలో అనేకులు నేడు లేరు. వారి ముఖమునకై మనుమలు మరల ఓటరు కార్డునే వెదకుచున్నారు. నవ్విన బొమ్మ అదే యింటి అలమారలో, సెల్లులు కారి తుప్పుపట్టిన కెమెరా కడుపున నుండవచ్చును.

కావున, పెద్దలారా, ఈ వారమే అలమార తెరపించి చూడుడు. కెమెరా పనిచేయకపోయినను పారవేయకుడు. ముందు లోపలి కార్డును తీయించుడు. కార్డు పలుచగా, ఒక మూల కోసినట్లున్నచో సాధారణముగ అది ఎస్.డి. జాతిది, కార్డు చదువు చిన్న పరికరమున్న ఏ ఫోటో దుకాణమునందైనను తెరువవచ్చును. ఒలింపస్, ఫ్యూజీ కెమెరాలలో కొన్నిటియందు ఎక్స్‌డి అను వేరు కార్డు ఉండును. అది నేటి పరికరములు పెక్కింటిలో పట్టదు, పాత పరికరము గలవానిని వెదకవలెను. కార్డు లేకున్నను నిరాశ వలదు. ఆ కెమెరాలలో కొన్నిటికి తమలోపలనే కొంత చోటుండెను, తీగ తగిలించినచో బొమ్మలు కంప్యూటరులోనికి వచ్చును. దొరకినవానిలో ఒక ఇరువదింటిని కాగితముమీద వేయించి, ఎవరు ఎవరో చెప్పగలవారు మీరు ఉన్నప్పుడే, వెనుక సీసపుకడ్డీతో పేరు, ఇంటిపేరు, ఊరు వ్రాయించుడు. బాల్‌పెన్ను గట్టిగ నొత్తినచో ముందువైపు ముఖముమీద గాడి పడును.