ఇంటి మతాబుల లెక్క

మా తాతయ్య పద్దుల పుస్తకాల్లో ఆశ్వయుజ మాసం పేజీ ప్రతి ఏడాదీ ఒకేలా ఉంటుంది. సురేకారం, గంధకం, ఇనుప రజను, అల్యూమినియం పొడి. వాటి కింద కుమ్మరికి ఇచ్చిన చిల్లర, చిచ్చుబుడ్ల కోసం తెచ్చిన మట్టి బుడ్లకి. బొగ్గు పద్దులో కనపడదు, ఎందుకంటే దానికి డబ్బులిచ్చింది లేదు. కాలవగట్టు మీద జిల్లేడు కొట్టుకొచ్చి, ఎండబెట్టి, ఇంట్లోనే కాల్చుకునేవాళ్లు. కాగితమూ పద్దులో లేదు. పిల్లల కిందటేడు నోటు పుస్తకాలే మతాబుల గొట్టాలయ్యేవి. జిగురు సరేసరి, వంటింట్లో ఉడికించిన పిండే.

"ఇంట్లో చేసుకుంటే చవక. కొంటే గంటలో తగలబడిపోతాయి, చేసుకుంటే పది రోజుల పండగ." మా నాన్న, బాబాయి ఇప్పటికీ అనే మాట ఇది. గోదావరి జిల్లాల్లో నాకు తెలిసిన చాలా ఇళ్లలో దీనికి దగ్గరగా ఏదో ఒక మాట ఉంది. దీపావళి జ్ఞాపకాలు ఎవరు చెప్పినా ఇవే వస్తాయి: డాబా మీద చేటల్లో ఎండుతున్న మతాబులు, గొట్టాలు చుట్టే పిల్లలు, పాళ్లు ఎవరికీ చెప్పని పెదనాన్న. నేనూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను. కాకపోతే ఆ పేజీలో ఉన్న సరుకులు మా ఊరికి ఎలా చేరాయో చూద్దామని మొదలుపెడితే ఐదొందల ఏళ్లు వెనక్కి వెళ్లాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి ఆ 'చవక' అన్న మాట మునుపటిలా వినపడలేదు.

పూనాలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థలో చాలాకాలం క్యూరేటర్‌గా పనిచేసిన పరశురామ కృష్ణ గోడే 1953లో ఒక చిన్న పుస్తకం వేశాడు. 1400 నుంచి 1900 దాకా మన దేశంలో బాణసంచా చరిత్ర దాని విషయం. ఆయన వాదన సూటిగా ఉంటుంది. మందుగుండు చైనా నుంచి వచ్చింది. ఇక్కడ వేడుకకి బాణసంచా కాల్చారనడానికి గట్టి ఆధారాలు 1400 తర్వాతే దొరుకుతాయి. 1443లో విజయనగరానికి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ మహర్నవమి ఉత్సవాల్లో బాణసంచా చూసి రాసుకున్నాడు. పదహారో శతాబ్దం మొదట్లో వచ్చిన ఇటలీ యాత్రికుడు వర్తెమా, ఏనుగులు నిప్పుకి బెదరడం గురించి చెబుతూ అక్కడి బాణసంచా పనివాళ్ల నేర్పునీ ప్రస్తావించాడు. అంటే మనకి కనపడే తొలి దృశ్యాల్లో ఇది రాజు చూసే వేడుక. చేసేవాడు వేరు, చూసేవాడు వేరు.

నేను ఆగిపోయింది మాత్రం గోడే చూపించిన ఇంకో పుస్తకం దగ్గర. పేరు కౌతుకచింతామణి. గజపతి ప్రతాపరుద్రుడి పేరు మీద ఉన్న సంస్కృత గ్రంథం. కృష్ణదేవరాయలకి ఉదయగిరి, కొండవీడు పోగొట్టుకుని, చివరికి కూతుర్నిచ్చి సంధి చేసుకున్న రాజుగా ఆయన మనకి తెలుసు. ఆ పుస్తకంలో వింతలు, వినోదాలతో పాటు బాణసంచా తయారీ యోగాలు కూడా ఉన్నాయి. సరుకులు చూడండి: గంధకం, యవక్షారం అన్న పేరుతో సురేకారం, ఉక్కు పొడి, మందు కూరడానికి వెదురు గొట్టం. ఇక బొగ్గు. ఏదో ఒక బొగ్గు కాదు, అర్కాంగారం. అర్కం అంటే జిల్లేడు.

మా తాతయ్యకి సంస్కృతం రాదు. ఆ పుస్తకం పేరు కూడా ఆయన విని ఉండడు. జిల్లేడు కర్ర తేలిక, మెత్తన. దాని బొగ్గు సులువుగా పొడవుతుంది, తొందరగా అంటుకుంటుంది. ఈ సంగతి ఆయనకి ఇంకెవరో పెద్దాయన చెప్పి ఉంటాడు, ఆయనకి ఇంకొకరు. ఓ రాజు పేరున రాసిన పుస్తకంలోని సరుకూ, కాలవగట్టున ఉచితంగా దొరికిన సరుకూ ఒకటే కావడం నాకు పుస్తకాల చరిత్ర కన్నా పెద్ద విషయంగా కనిపించింది. చేతినుంచి చేతికి అందుతూ వచ్చిన చదువు అది.

పేర్లు ఇంకో కథ చెబుతాయి. ఆ గ్రంథంలో ఒక రకం పేరు పుష్పవర్తి. వర్తి అంటే వత్తి. మన కాకరపువ్వొత్తి గుర్తుకు రాకుండా ఉంటుందా? వస్తువు అదే అనడం లేదు, ఊహ అదే: వత్తికి పువ్వు పూయడం. ఇంకో రకం పేరులో ఛుఛుందరీ ఉంది, అంటే చుంచెలుక. హిందీలో నేల మీద అడ్డదిడ్డంగా పరిగెత్తే టపాకాయని ఇప్పటికీ ఛఛూందర్ అంటారు. మన సిసింద్రీ కూడా అక్కడినుంచే వచ్చిందని నా ఊహ, పిల్లల కాళ్ల మధ్య అది చేసే పని చూస్తే. మతాబు పారశీకం మాహ్‌తాబ్, వెన్నెల. చిచ్చుబుడ్డి అచ్చ తెలుగు. సీమటపాకాయలోని సీమ మాత్రం సీమసున్నంలో ఉన్న సీమే, ఓడ మీద పైదేశం నుంచి దిగిన సరుకని చెప్పే ముద్ర. ఒక్క దీపావళి బుట్టలో సంస్కృతం, పారశీకం, తెలుగు, సముద్ర వ్యాపారం అన్నీ ఉన్నాయి. ఇక 'మందు' సంగతి తెలిసిందే. జబ్బుకీ అదే మాట, తుపాకీకీ అదే మాట.

ఆ తుపాకీ దగ్గరే చవక కథ మొదటి మలుపు తిరుగుతుంది. సురేకారం పని నిప్పుకి ప్రాణవాయువు అందించడం. అది లేకపోతే బొగ్గూ గంధకమూ నింపాదిగా కాలతాయి. పశువుల పేడ, మూత్రం కలిసిన మట్టిలో సూక్ష్మజీవులు నైట్రేట్లు తయారుచేస్తాయి. ఎండలకి అవి తెల్లటి పొరలా పైకి తేలతాయి. బిహారులో నోనియా కులస్థులు ఆ మట్టిని గీకి, నీళ్లలో కరిగించి, కాచి సురేకారం తీసేవాళ్లు. యూరపు యుద్ధాలకి మన దేశం సరఫరా చేసింది ఈ తెల్లటి పొరనే. ప్లాసీ యుద్ధం గెలిచిన మరుసటి ఏడాది, 1758లో, ఈస్టిండియా కంపెనీ పాట్నా సురేకారం మీద గుత్తాధిపత్యం సంపాదించింది. మా తాతయ్య పద్దులో మొదటి వరసలో ఉన్న సరుకు ఒకప్పుడు సామ్రాజ్యాలు కొట్టుకున్న సరుకు. దాన్ని గీకి తీసినవాళ్ల కూలి ఎప్పుడూ తక్కువే. ఒక్కో వస్తువు చవగ్గా ఎందుకు దొరుకుతోందంటే, తరచూ సమాధానం ఇదే.

రెండో మలుపు శివకాశి. 1884 పేలుడు పదార్థాల చట్టం తయారీని, నిల్వని, అమ్మకాన్ని లైసెన్సుల కిందికి తెచ్చింది. 1920ల మొదట్లో శివకాశి నుంచి షణ్ముగ నాడార్, అయ్య నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చారు. వాన తక్కువ, పంట తక్కువ, కూలికి వచ్చే చేతులు ఎక్కువ. మందు ఎండబెట్టడానికి అంతకన్నా అనువైన ఊరు ఉండదు. అగ్గిపెట్టెల నుంచి బాణసంచాకి ఒక్క అడుగే. 1940 తర్వాత, రెండో ప్రపంచ యుద్ధంలో పైదేశాల సరుకు రాక తగ్గినప్పుడు, శివకాశి ఫ్యాక్టరీలు నిలదొక్కుకున్నాయి. మెల్లగా మన ఇళ్లలో చేసే మతాబు కన్నా శివకాశి మతాబే చవకైపోయింది. మా ఇంట్లో మతాబులు కూరడం మా నాన్న తరంతో ఆగిపోయింది. నేను పుట్టేసరికి అది కథ.

అది ఎందుకంత చవగ్గా వచ్చేదో కూడా కాగితాల మీద ఉంది. శివకాశి అగ్గిపెట్టెల, బాణసంచా పనిలో పిల్లల గురించి ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పిచ్చింది. ప్రమాదకరమైన పనిలో పెట్టుకున్న ఒక్కో పిల్లకీ పిల్లాడికీ యజమాని 20,000 రూపాయలు కట్టాలని చెప్పింది. ఆ ఏడాది నాకు కాకరపువ్వొత్తులు కాల్చుకునే వయసు. నా చేతిలో పెట్టె చుట్టింది నా ఈడు పిల్లే అయి ఉండొచ్చు.

ఇక్కడిదాకా వచ్చాక సులువైన ముగింపు ఒకటుంది: ఫ్యాక్టరీ చెడ్డది, ఇల్లు మంచిది, పాత రోజులు బంగారం. నేనూ అదే రాసేవాణ్ణేమో, పద్దుల పుస్తకంలో పేజీ తిప్పకపోయి ఉంటే.

ఒక ఏడాది కార్తీక మాసం పద్దులో "చిన్నవాడి చేతికి, ఆస్పత్రి" అని ఒక వరస ఉంది. కింద వారం తేడాతో మళ్లీ రెండుసార్లు. మా బాబాయి కుడిచేతి మీద మచ్చ చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. చిచ్చుబుడ్డి కూరుతుంటే అయిందని నవ్వుతూనే చెప్పేవాడు. ఆ ఏడాది దీపావళి పేజీలో మొత్తం వేసి గీత గీశారు. ఆస్పత్రి ఖర్చు ఆ గీతకి ఇవతల పడింది. తాతయ్య అబద్ధం రాయలేదు, పైసా కూడా దాచలేదు. ఖర్చుని వేరే నెల ఖాతాలో వేశారు, అంతే. దీపావళి మాత్రం చవకగానే మిగిలింది.

ఈ మధ్య ఊరెళ్లినప్పుడు నానమ్మని అడిగాను, ఇంట్లో చేసుకుంటే చవక కదా అని. "ఎవరికిరా చవక?" అంది. పిండి ఉడికించిందీ, బొగ్గు నూరి గుడ్డలో వస్త్రగాళితం పట్టిందీ, పది రోజులు పొయ్యి దగ్గరికి పిల్లల్ని రానివ్వకుండా కాపలా కాసిందీ ఆవిడే. నల్లటి గోళ్లు కార్తీక పున్నమి దాకా వదిలేవి కాదట. పాళ్లు మాత్రం ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మగవాళ్ల రహస్యం అది. మతాబు కాల్చారా నానమ్మా అంటే, "నాకెక్కడిది తీరిక" అంది.

ఇంకో సంగతి. ఇంట్లో మందు కూరడం ఆగిపోయింది మా ఇంట్లోనే కానీ, మా జిల్లాల్లో కాదు. 2014 అక్టోబరు 20న, దీపావళి వారంలో, తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలో బాణసంచా తయారీ కేంద్రం పేలిపోయింది. పదిహేను మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పండగ ముందు నాలుగు రోజుల కూలి కోసం వచ్చినవాళ్లు. వాళ్లు చేస్తున్నది మన జ్ఞాపకాల్లో డాబా మీద జరిగిన పనే. చుట్టడం, కూరడం, ఎండబెట్టడం. మనం దాన్ని సరదా అన్నాం, వాళ్లకి అది కూలి. అక్కడా పద్దు అలాగే ఉండి ఉంటుంది: సరుకు ఇంత, కూలి ఇంత, లాభం ఇంత. మిగతాది వేరే నెలలో, వేరే ఇళ్లలో.

చేతిపనిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మా నాన్నకి ఇప్పటికీ మతాబు వెలుగు చూసి అందులో రజను ఎక్కువైందో తక్కువైందో చెప్పడం వచ్చు. ఇనుములోని కార్బన్ వల్లే మెరుపు కొమ్మలు కొమ్మలుగా చీలుతుందని నేను పుస్తకంలో చదివాను. ఆయన కంటితో చదివాడు. కాలుస్తున్నదాంట్లో ఏముందో ఎరిగి కాల్చిన చివరి తరం వాళ్లది. 2018లో సుప్రీంకోర్టు రాత్రి ఎనిమిది నుంచి పది దాకానే కాల్చాలనీ, పొగ తక్కువ రకాలే అమ్మాలనీ చెప్పాక, ఇప్పుడు పెట్టె మీద క్యూఆర్ కోడ్ వస్తోంది. దాన్ని స్కాన్ చేస్తే గానీ నా చేతిలో ఉన్నదేంటో నాకు తెలియదు. అది నిజంగానే పోగొట్టుకున్నదే. పాళ్లు నాన్నని అడిగి రాసిపెట్టుకోవచ్చు. అడగలేదు. వాటిని ఇంకో ఇంట్లో ఇంకో చిన్నవాడి చేతికి అందించడానికి మనసు ఒప్పుకోలేదు.

పుస్తకాలు చెదలు పట్టకముందే పేజీలన్నీ ఫొటోలు తీశాను. ఏడాదికొక ఫోల్డర్, అందులో పండగకొకటి. ఆ ఏడాది కార్తీక మాసం పేజీని మాత్రం తీసుకెళ్లి దీపావళి ఫోల్డర్లో పెట్టాను.