దొరికితే దొంగ, దొరక్కపోతే దొర



"దొరికితే దొంగ, దొరక్కపోతే దొర" అని మనకొక సామెత ఉంది. దొంగకూ దొరకూ ఉన్న తేడా అంతా పట్టుబడడంలోనే ఉందని అందులోని ఎత్తిపొడుపు. ఈ ఇద్దరినీ ఒకే మనిషిలో కలిపి చూపించే కథలంటే జనానికి ఏనాటినుంచో తగని ఇష్టం. ఆ ఇష్టం ఎందుకు కలుగుతుంది, మన దగ్గర అది ఏయే రూపాలెత్తింది, దాని మోజులో మనం చూడకుండా వదిలేసినదేమిటి? ఈనాటి ప్రసంగంలో ఆ సంగతులు చెప్పుకుందాం.

ముందుగా ఈ మధ్యకాలపు ఉదాహరణ ఒకటి చూద్దాం. 2021 జనవరి 8న నెట్‌ఫ్లిక్స్‌లో "లూపిన్" అనే ఫ్రెంచి ధారావాహిక మొదలైంది. నాయకుడు అసాన్ డియోప్. ఆఫ్రికాలోని సెనెగల్ నుంచి పారిస్‌కు వలస వచ్చిన ఒక కారు డ్రైవరు కొడుకు. ఆ పాత్రను ఒమర్ సీ ధరించాడు. అసాన్ కత్తి పట్టడు, ఎవరి ప్రాణమూ తీయడు. వేషం మారుస్తాడు, మాటలతో మాయ చేస్తాడు, పని కాగానే జనంలో కలిసిపోతాడు. మొదటి భాగంలో ఉన్నవి అయిదే అయిదు ఎపిసోడ్లు. అయినా మొదటి ఇరవై ఎనిమిది రోజుల్లో ఏడు కోట్ల ఇళ్ళలో దీన్ని చూస్తారని ఆ సంస్థే అంచనా వేసింది.

ఆ రోజులు ఎలాంటివో గుర్తు చేసుకోండి. మన దేశంలో 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ తరవాత ఏడాది కూడా తిరగలేదు. గడప దాటాలంటే భయం, నలుగురిలోకి వెళ్ళాలంటే సంకోచం. అలాంటి సమయంలో ఏ తలుపూ ఆపలేని మనిషి ఒకడు తెరమీద కనిపించాడు. ఇంట్లో బందీ అయిన ప్రేక్షకుడికి అంతకంటే కావలసిందేముంది?

అయితే ఈ ఆకర్షణ కరోనాతో పుట్టింది కాదు. మద్రాసుకు ఉత్తరాన ఉన్న మనలినే తీసుకోండి. 1965లో మద్రాస్ రిఫైనరీస్ సంస్థ ఏర్పడి, 1969లో చమురుశుద్ధి కర్మాగారం నడవడం మొదలైంది. ఆ వెనక ఎరువుల కర్మాగారం, ఇతర పరిశ్రమలు వచ్చాయి. మనలి మూడు షిఫ్టుల ఊరైంది. షిఫ్టు పనిచేసే మనిషి జీవితమంతా గేట్ల మధ్యే. లోపలికి వెళ్ళాలంటే కార్డు చూపాలి, బయటికి రావాలంటే సోదాకు నిలబడాలి. ఏ పారిశ్రామికవాడలోనైనా ఇంతే. అలాంటివాడు ఇంటికి వచ్చి టీవీ ముందు కూర్చున్నప్పుడు, గేట్లన్నీ తనంతట తానే దాటిపోయే నాయకుణ్ణి చూస్తే కాసేపు ఒళ్ళు తేలికపడుతుంది. దీన్ని పలాయనం అని తీసిపారేయనక్కరలేదు. రోజంతా మోసిన బరువును ఒక గంటసేపు దించుకోవడం అది.

ఇలాంటి కథల్లో ఒక కట్టుబాటు ఉంటుంది. దొంగ పేదవాణ్ణి ముట్టుకోడు. దోపిడీకి గురయ్యేవాడు అందుకు తగినవాడే అయి ఉంటాడు. రక్తం చిందదు. అన్నిటికంటే ముఖ్యం, పోలీసులకు తెలియని రహస్యం ప్రేక్షకులకు తెలుసు. అంటే మనం చూస్తున్నది దొంగతనాన్ని కాదు, దొంగతో కలిసి ఆడుతున్నాం. తప్పు చేసిన పాపం అంటకుండా, నియమం దాటిన సంతోషం మాత్రం దక్కుతుంది.

ఈ అచ్చు యూరప్‌లో పందొమ్మిదో శతాబ్ది చివర తయారైంది. ఇంగ్లండులో ఇ. డబ్ల్యు. హార్నంగ్ సృష్టించిన రాఫిల్స్ కథలు 1899లో పుస్తకంగా వచ్చాయి. ఈ హార్నంగ్ ఎవరో కాదు, షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయల్‌కు స్వయానా బావమరిది. బావ పట్టుకునేవాడి కథలు రాస్తే, బావమరిది తప్పించుకునేవాడి కథలు రాశాడన్నమాట! ఫ్రాన్సులో 1905లో మారిస్ లెబ్లాన్ ఆర్సేన్ లూపిన్‌ను పుట్టించాడు. మనం చెప్పుకున్న ధారావాహికలోని అసాన్ ఆ పుస్తకాలు చదివి పెరిగినవాడే.

మనకు ఈ దొంగ అంతకంటే పాత చుట్టం. శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడు ఉన్నాడు. బ్రాహ్మణుడు, చోరవిద్యలో పండితుడు. చారుదత్తుడి ఇంటికి కన్నం వేయబోతూ కొలతాడు మరిచిపోయి, మెడలోని జందెంతోనే గోడ కొలుస్తాడు. అతను దొంగిలించేది సుఖపడడానికి కాదు, దాసిగా ఉన్న తన ప్రియురాలు మదనికను విడిపించుకోవడానికి. ఇక వెన్నదొంగను ఇంటింటా పూజించుకునే జాతి మనది. దొంగ అనే మాటను ముద్దుపేరుగా వాడుకున్నవాళ్ళం.

సినిమా వచ్చాక ఈ మాట మరింత రాణించింది. 1954లో కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో అధిపతి ఎస్. ఎం. శ్రీరాములునాయుడు తమిళంలో "మలైక్కళ్ళన్" తీశారు. అంటే కొండదొంగ. మూలకథ నామక్కల్ కవి రామలింగం పిళ్ళైది, నాయకుడు ఎం. జి. రామచంద్రన్. ఆ చిత్రానికి రాష్ట్రపతి రజత పతకం లభించింది. అదే ఏడాది అదే కథను శ్రీరాములునాయుడే ఎన్. టి. రామారావు, భానుమతులతో "అగ్గిరాముడు"గా తెలుగులో తీశారు. 1955లో దిలీప్‌కుమార్‌తో హిందీలో "ఆజాద్" తీశారు. తరవాత మరికొన్ని భాషల్లోకీ ఆ కథ వెళ్ళింది. ఇన్ని భాషల ప్రేక్షకులకు ఒకే దొంగ నచ్చాడంటే, ఆ కథ తాకిన చోటు అందరికీ ఒకటే అనుకోవాలి.

"అగ్గిరాముడు"లో మరొక విశేషం ఉంది. షేక్ నాజర్ చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ అందులో ఉంది. సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరసగా దాడిచేసి తుపాకులు పట్టుకుపోయాడు. పట్టుకుపోయినవాటి లెక్క ఠాణా పుస్తకంలో రాసి సంతకం చేశాడు. దొరతనం వారి లెక్కలో అది దోపిడీ. జనం లెక్కలో అది పోరాటం. ఒకే పనికి రెండు పేర్లు! ఎవరు దొంగ అన్నది చేసిన పనినిబట్టే కాక, పేరు పెట్టేవాడినిబట్టి కూడా ఉంటుందని ఆ బుర్రకథ విన్న హాలులోని జనానికి వేరే చెప్పాలా?

ఆ తరవాత కూడా ఈ పరంపర ఆగలేదు. 1990లో చిరంజీవి "కొండవీటి దొంగ" వచ్చింది. 1993లో శంకర్ మొదటి చిత్రం "జెంటిల్‌మేన్" మద్రాసులోనే అప్పడాల వ్యాపారి ముసుగులో దోపిడీలు చేసే యువకుడి కథ చెప్పింది. ఆ డబ్బుతో అతను చదువుకు లంచాలు లేని కళాశాల కట్టాలనుకుంటాడు. తెలుగులోకి అనువాదమైన ఆ చిత్రాన్ని మనవాళ్ళూ ఆదరించారు. సీటుకోసం డొనేషన్ కట్టలేక కొడుకు చదువు మాన్పించిన తండ్రికి ఆ దొంగ మీద కోపం ఎలా వస్తుంది?

ఇంతవరకు అంతా బాగానే ఉంది. ఇప్పుడు ఇంకో పక్క చూద్దాం.

కొండదొంగ కథను జాగ్రత్తగా గమనించండి. చివరికి ముసుగు తీస్తే ఎవరు బయటపడతాడు? మంచి కుటుంబంలో పుట్టి తప్పిపోయిన బిడ్డ! వ్యాపారి వేషం కూడా అతనిదే. అంటే ప్రేక్షకుడు రెండున్నర గంటలు ప్రేమించింది దొంగను కాదు, దొంగ వేషంలో ఉన్న దొరను. పుట్టుక తెలియగానే అతని నేరాలన్నీ మాసిపోతాయి.

పుట్టుకే నేరమైనవాళ్ళు కూడా ఆ కాలంలోనే, ఆ రాజధానిలోనే ఉన్నారు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి విస్తరించింది. మన ఎరుకలవారు దాని కిందికి వచ్చారు. వారు ఒకప్పుడు సముద్రతీరపు ఉప్పును, ధాన్యాన్ని పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు మోసి అమ్ముకున్నవాళ్ళు. మనలికి ఉత్తరాన ఎన్నూరు, అత్తిపట్టు వైపు ఉప్పుమళ్ళు తెలిసినవారికి ఆ వ్యాపారం ఎలాంటిదో ఊహకందుతుంది. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసి, సరుకు రైళ్ళెక్కాక ఆ బతుకుతెరువు పోయింది. తిరిగే పని పోయినా తిరిగే అలవాటున్న మనుషుల్ని సర్కారు అనుమానించింది. వేలిముద్రలు తీసుకుంది, రోజూ హాజరు వేసింది, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలంది.

బాపట్ల దగ్గర 1913లో ఏర్పాటైన స్టూవర్టుపురం అలాంటి సెటిల్‌మెంటే. సర్ హెరాల్డ్ స్టూవర్టు అనే ఉన్నతాధికారి పేరు దానికి పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అక్కడివారు చీరాల పొగాకు కర్మాగారంలో కూలీలయ్యారు. చట్టం మద్రాసు రాజధానిలో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31నా రద్దయింది. పేరు మాత్రం పోలేదు. ఆ ఊరి పేరే దొంగలకు మారుపేరుగా మిగిలింది. గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం 1970ల నుంచి ఆ ఊరివారి మధ్య సంస్కరణకు పూనుకోవలసి వచ్చిందంటే, చట్టం పోయాక కూడా ఎంత బరువు మిగిలిపోయిందో తెలుస్తుంది.

ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 1952లో "పుట్టుకతో దొంగలు" అన్న మాట దేశ చట్టంలోంచి పోయింది. 1954లో తెరమీది దొంగకు చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో ఒక్కటైనా ఎరుకల కుర్రవాడికి దక్కిందా? హాలు బయట అతను సైకిలు పక్కన నిలబడితే, సైకిలు యజమాని తాళం తడిమి చూసుకునే ఉంటాడు.

ఈ విషయంలోనే "లూపిన్" ధారావాహిక మన పాత కొండదొంగ కంటే ఒక అడుగు ముందుకు వేసింది. అసాన్ తండ్రి ఒక ధనికుడి దగ్గర డ్రైవరు. ఆ ఇంట్లో రత్నాలహారం పోయిందంటూ నింద అతనిమీద పడుతుంది. నల్లవాడు, వలసవాడు, నౌకరు. ఇక సాక్ష్యం దేనికి? అతను జైల్లో చనిపోతాడు. కొడుకు ఏళ్ళ తరవాత అదే హారంకోసం లూవ్ర్ ప్రదర్శనశాలలో ప్రవేశిస్తాడు. ఎలా? నేల తుడిచే పనివాడిగా. కాపలాదార్లు అతన్ని చూస్తారు, కాని పట్టించుకోరు. యూనిఫారం వేసుకున్న పనివాడి ముఖాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరని అతనికి తెలుసు. తనను మనిషిగా లెక్కచేయని అలక్ష్యాన్నే అతను ముసుగుగా మార్చుకున్నాడు. అసాన్ ముసుగు తీస్తే లోపల తప్పిపోయిన జమీందారు బిడ్డ ఉండడు. డ్రైవరు కొడుకే ఉంటాడు.

నా దృష్టిలో ఈ కథల అసలు బలం ఇక్కడే ఉంది. మనం పారిపోవాలనుకునేది చట్టంనుంచి కాదు. మనల్ని అనుమానించే చూపునుంచి, మనల్ని అసలు చూడని చూపునుంచి. షిఫ్టు దిగి సోదాకు నిలబడిన మనిషికి ఈ రెండు చూపులూ తెలుసు. ఒక గంటసేపు ఆ చూపుల్ని బోల్తా కొట్టించే నాయకుణ్ణి చూసి అతను నవ్వుకుంటే, ఆ నవ్వు న్యాయమైనదే.

కాబట్టి శ్రోతలారా, ఇలాంటి ధారావాహికలు చూడండి, హాయిగా నవ్వుకోండి. అయితే టీవీ కట్టేశాక ఒక్క ప్రశ్న మాత్రం వేసుకోండి. మన వీధిలో పాతసామాను ఏరుకునే కుర్రవాణ్ణి, ఇంట్లో వస్తువు కనబడనప్పుడు పనిమనిషిని, మనం మొదట ఏ చూపుతో చూస్తున్నాం? దొరకక ముందే కొందరిని దొంగల్ని చేశాం, దొరికినా కొందరిని దొరలుగానే ఉంచాం. మన సామెత ఎత్తిపొడిచింది ఈ తూకాన్నే. తెరమీది దొంగను అర్థం చేసుకోగలిగిన మనసు, గుమ్మం ముందు నిలబడ్డ మనిషిని కూడా అర్థం చేసుకోగలదు.

సెలవు.