సైడావిస్‌లో పైథాన్ మొరాయింపు: ఆధారాల పరిశీలన

గుంటూరు మిర్చి ధరలనో, ప్రకాశం పత్తి దిగుబడులనో గ్రాఫుగా గీసేందుకు లినక్స్ ప్యాకేజీగా దొరికే సైడావిస్‌ను వాడేవారికి ఒక్కోసారి పైథాన్ స్క్రిప్టులు నడవవు. పైథాన్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుందన్నది తరచూ వినిపించే సలహా. దీనికి ఆధారాల బలం పరిమితమనే చెప్పాలి.

1. మూలం: సైడావిస్ 2007లో క్యూటిఐప్లాట్ అనే గ్రాఫుల ప్రోగ్రామ్ నుంచి విడివడింది. రెండింటి పైథాన్ భాగంలోనూ క్నుట్ ఫ్రాంకే కృషి ఉంది. అయితే మాడ్యూల్ పేరు అక్కడ ‘క్యూటిఐ’, ఇక్కడ ‘సైడావిస్’. అందువల్ల పాత స్క్రిప్టు విఫలమైనంత మాత్రాన ప్యాకేజీలో లోపముందని అనలేం.

2. కంపైలింగ్: గణిత సూత్రాలను లెక్కించే మ్యూపార్సర్ మూల సదుపాయం, పైథాన్ కంపైల్ చేసేటప్పుడు ఎంచుకోవలసిన అదనం. స్క్రిప్టింగ్ భాషల జాబితాలో మ్యూపార్సర్ ఒక్కటే కనిపిస్తే, ప్యాకేజీ తయారీలోనే పైథాన్‌ను వదిలేసి ఉండే అవకాశం ఎక్కువ. ‘ఎల్‌డిడి’ ఆదేశం చూపే లైబ్రరీలలో పైథాన్ లేకపోవడం ఈ అనుమానాన్ని బలపరుస్తుంది; స్టాటిక్‌గా లింక్ చేసిన ప్యాకేజీ విషయంలో మాత్రం అది రుజువు కాదు.

3. ప్రారంభ ఫైలు: పైథాన్ మొదలైనప్పుడు నడిచే ఈ ఫైలును, మాన్యువల్ ప్రకారం, సైడావిస్ ముందు యూజర్ హోమ్‌లో, తర్వాత ‘ఈటీసీ’లో, చివరకు ప్రస్తుత ఫోల్డర్‌లో వెతుకుతుంది; మొదట దొరికినదే నడుస్తుంది. గణిత ఫంక్షన్లు, ‘టేబుల్’ వంటి పొట్టి పేర్లు ఇందులోంచే వస్తాయి. కనుక హోమ్‌లో మిగిలిపోయిన పాత ఫైలు కొత్తదాన్ని మరుగుపరచవచ్చు. మాడ్యూల్ పేరుతో సహా పూర్తిగా రాసిన పిలుపు పనిచేసి, పొట్టి పేరు పనిచేయకపోతే అనుమానం ఈ ఫైలుపైనే నిలుస్తుంది.

4. వెర్షన్లు: పూర్తి పిలుపు కూడా విఫలమైతే, పైథాన్‌ను ప్రోగ్రామ్‌తో కలిపే పైక్యూటీ, సిప్ లైబ్రరీల వెర్షన్ల పొంతన చూడాలి. పైక్యూటీ 5.11 (2018) నుంచి సిప్ మాడ్యూల్‌ను పైక్యూటీ లోపలే విడిగా ఉంచారు. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది. ఈ మార్పులకు ముందు రాసిన సూచనలు నేటి ప్యాకేజీలకు యథాతథంగా వర్తిస్తాయని అనుకోలేం.

పై అంశాలను బట్టి, మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ప్రధానంగా నాలుగో సందర్భంలోనే, అదీ పొంతన కుదిరే వెర్షన్లు దొరికితేనే, ఉపయోగపడవచ్చు. రెండో సందర్భంలో పైథాన్‌తో కలిపి కంపైల్ చేసిన ప్యాకేజీ కావాలి. మూడో దానిలో ఫైలును సరిచేస్తే చాలు. కాబట్టి భాషల జాబితా, పూర్తి పిలుపు, పొట్టి పిలుపు అనే వరుసలో పరీక్షించాకే మరమ్మతుకు దిగడం సమంజసం.