నెల్లూరు చేపల పులుసు: బోగోలు తీరపు ఇంటి వంట

నెల్లూరు చేపల పులుసు ఆంధ్రప్రదేశ్ దక్షిణ కోస్తాలో, ముఖ్యంగా శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో ఇంటింటా వండే కూర. చింతపండు పులుసు, కారం, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, అప్పటికప్పుడు వేయించి దంచిన పొడి దీనికి మూలం. వేసవిలో పచ్చిమామిడి ముక్కలు కూడా పడతాయి. ఇందులో దొరకని దినుసు గానీ, దాచిపెట్టుకున్న రహస్యం గానీ లేదు. రుచి అంతా పనుల వరసలోనూ, ఒక్కో పనికి ఇచ్చే సమయంలోనూ ఉంది. అందుకే చేప కడగడం నుంచి పొడి దంచడం దాకా అన్నీ ఇంట్లోనే చేసుకునే వంటకు ఇది మంచి ఉదాహరణ. ఆ పనుల్లో ఒక్కటి తప్పించినా నాలుకకు తెలిసిపోతుంది.

బోగోలు పరిసరాలు

బోగోలు నెల్లూరుకు ఉత్తరాన, కావలికి దక్షిణాన ఉన్న మండల కేంద్రం. చెన్నై–విజయవాడ రైలు మార్గంలో ఈ ఊరి స్టేషన్ పేరు బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇక్కడ పెద్ద లోకో షెడ్ ఉండేది. తూర్పున బంగాళాఖాతం. ఈ మండలంలోని జువ్వలదిన్నె దగ్గరే చేపల రేవు కట్టారు. పడమట వరిపొలాలు, చెరువులు. సంగం దగ్గర పెన్నకు కట్టిన ఆనకట్ట నుంచి వచ్చే కావలి కాలువ ఈ వైపు నేలకు నీళ్ళిస్తుంది.

వంటకు సంబంధించినంతవరకు ఈ భూగోళమే అసలు విషయం. సముద్రపు చేప, చెరువు చేప రెండూ ఒకే రోజు ఒకే వీధిలోకి రాగల ఊళ్ళు ఎక్కువ ఉండవు. తీరంలో పట్టపు కులస్థులు సముద్రం మీద వేటాడితే, చెరువుల్లో, వాగుల్లో చేపలూ పీతలూ పట్టడంలో యానాదులది తరాల నేర్పు.

ఏ కాలానికి ఏ చేప

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నియమం. ఆ రెండు నెలలు వంజరం, చందువ అరుదైపోయి ధర పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే చెరువులు ఎండుతూ వస్తాయి, అడుగున మిగిలిన నీళ్ళలో కొరమీను దొరుకుతుంది. తోటల్లో మామిడికాయ పీచు కట్టేది కూడా అప్పుడే. పచ్చిమామిడి వేసిన కొరమీను పులుసుకు ఇంత పేరు రావడంలో నాలుక ఎంపిక కొంతైతే, ఈ మూడు కాలాలు కలిసిరావడం ఎక్కువని నా అభిప్రాయం.

కొరమీనుకు మొప్పలతో పాటు గాలి పీల్చుకునే అవయవం కూడా ఉంటుంది. కొంచెం నీళ్ళున్న తొట్టిలోనూ గంటల తరబడి బతుకుతుంది కాబట్టి సంతలో ప్రాణంతోనే అమ్ముతారు. ముల్లు తక్కువ, కండ గట్టి, పులుసులో చెదరదు. బొమ్మిడాయిల పులుసును ఇంతకన్నా మెచ్చుకునేవాళ్ళు జిల్లాలో చాలామంది ఉన్నారు. మిగతా ఏడాదంతా వంజరం, చందువ, కానాగర్తలు, చెరువుల్లో పెంచే శీలావతి, బొచ్చె నడుస్తాయి. ఏ తాజా చేపా లేని రోజు ఎండు నెత్తళ్ళో, ఉప్పు చేపో వంకాయతో కలిపి అదే పులుసులో పడుతుంది.

కొనడం, కడగడం

చేప మంచిదో కాదో మొప్ప ఎత్తి చూస్తే తెలుస్తుంది: ఎర్రగా, తడిగా ఉండాలి. కన్ను ఉబ్బి తేటగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. కానాగర్త, వంజరం, తూర వంటి చేపల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. ఇవి ఐసు లేకుండా ఎండలో ఉండిపోతే కండలో హిస్టమిన్ అనే పదార్థం చేరుతుంది. తిన్నవాళ్ళకు ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఎంత ఉడికించినా, ఎంత పులుపు వేసినా అది పోదు. కాబట్టి బేరం కన్నా ఐసు ముఖ్యం.

పొలుసు తీశాక చేపను రాతి మీద వేసి, గళ్ళుప్పు చల్లి జిగురు పోయేదాకా తోముతారు. ఇదివరకు కట్టెల పొయ్యి బూడిద కూడా వాడేవారు. కొరమీనుకైతే ఈ పని ఓపికగా చేయాలి. కడుపులోని నల్లటి పొర, వెన్నుముల్లు వెంట గడ్డకట్టిన నెత్తురు పూర్తిగా తీసేయాలి. నీచు వాసన ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. ముక్కలు రెండు వేళ్ళ మందం ఉండాలి. తల పారేయరు, పులుసుకు చిక్కదనం ఇచ్చేది అదే. ముక్కలకు ఉప్పు, పసుపు, కొంచెం కారం పట్టించి పక్కన పెడతారు.

పులుసు పెట్టడం

కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు కావాలి. మామిడికాయ వేసే రోజైతే అందులో సగం చాలు. పాత చింతపండుతో పులుసు నల్లబడి రుచి గంభీరంగా ఉంటుంది. కొత్తదైతే రంగు తేటగా, పులుపు చురుగ్గా ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి చేత్తో పిసికి, పిప్పి తీసేసి చిక్కటి రసం తీసుకుంటారు.

చింతపండులో ప్రధానమైన పులుపు టార్టారిక్ ఆమ్లానిది. చేపకు ఇది రెండు విధాల పనికొస్తుంది. సముద్రపు చేప నిలవ ఉంటే సూక్ష్మజీవుల వల్ల ట్రైమిథైలమిన్ పుట్టి నీచు వాసన కొడుతుంది. ఆమ్లం దాన్ని గాలిలోకి లేవని లవణంగా మార్చేస్తుంది. చెరువు చేపలోని మట్టి వాసనకు కారణం జియోస్మిన్ అనే వేరే పదార్థం. అది పులుపులో విడిపోతుంది. రెండు నీళ్ళ చేపలకూ ఒకే పులుసు సరిపోవడం ఇందువల్లే.

ఈ వంటకు పట్టుకొమ్మ పొడి. రెండు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకర్ర, అర చెంచా మెంతులు, అర చెంచా ఆవాలు నూనె లేకుండా సన్నని సెగ మీద వేయిస్తారు. ముందు మెంతులు వేయాలి. అవి గట్టి గింజలు, వేగడానికి సమయం పడుతుంది. లేత గోధుమ రంగు దాటి ఎర్రబడితే చేదెక్కుతాయి. జీలకర్ర చివర్లో వేసి వాసన రాగానే దించేస్తారు. చల్లారాక రోట్లో దంచి, ఏడెనిమిది తెల్లగడ్డ రెబ్బలు పొట్టుతోనే వేసి కచ్చాపచ్చాగా నూరుతారు. చాలా ఇళ్ళలో అల్లం వేయరు. లవంగం, దాల్చినచెక్క దగ్గరికే రానివ్వరు. మసాలా వాసన వస్తే అది మాంసం కూర అయిపోతుందని పెద్దవాళ్ళు అంటారు, అది నిజమే. వేయించిన గింజల్లోని పరిమళ తైలాలు గాలి తగిలిన కొద్దీ ఎగిరిపోతాయి. ఆరునెలల నాటి ప్యాకెట్ పొడికి రంగుంటుంది కానీ ఈ వాసన ఉండదు.

పాత్ర వెడల్పు మూతి దాక. మట్టిదైతే మేలు, పులుపు తగిలినా మట్టికి ఏమీ కాదు, పొయ్యి ఆపాక కూడా చాలాసేపు వేడి నిలుపుతుంది. కొత్త దాకను నీళ్ళలో నానబెట్టి, గంజి కాచి వాడకంలోకి తెస్తారు. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుసు పెట్టకూడదు, ఆ లోహం పులుసులోకి దిగుతుంది.

దాకలో శెనగనూనె కాగాక ఆవాలు, నాలుగు మెంతి గింజలు, కరివేపాకు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, చీల్చిన పచ్చిమిరపకాయలు వేస్తారు. నూనె దగ్గర చెయ్యి వెనక్కి తీయకూడదు. కిలో చేపకు వంద మిల్లీలీటర్ల దాకా పడుతుంది. ఎర్రగడ్డ మెత్తబడ్డాక టమోటా వేసి గుజ్జయ్యేదాకా మగ్గబెడతారు. టమోటా, మిరప రెండూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువారి రాకతో, ఆ తర్వాత మన వంటలోకి వచ్చినవే. మిరప పూర్తిగా మనదైపోయింది. టమోటాను ఇప్పటికీ పులుసులోకి రానివ్వని ఇళ్ళున్నాయి.

తర్వాత కారం, ఉప్పు వేసి నూనెలో ఒక్క నిమిషం తిప్పి, కారం మాడకముందే చింతపండు రసం పోస్తారు. అసలు ఓపిక ఇక్కడ కావాలి. చేప వేయకముందే పులుసు పదిహేను నిమిషాలు మరగాలి. పచ్చి పులుపు వాసన పోయి, అంచుల్లో నూనె తేలాకే ముక్కలు వేయాలి. చేప కండ పది నిమిషాల్లో ఉడికిపోతుంది, కాబట్టి పులుసు ఆ తర్వాత పక్వానికి వచ్చే అవకాశం లేదు. తొందరపడితే ముక్క చెదురుతుంది, పులుసు పచ్చిగానే మిగులుతుంది. ముక్కలు ఒకే వరసలో పేర్చాక గరిటె పెట్టరు. దాక అంచులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా ఊపుతారు. అయిదు నిమిషాలకు మామిడి ముక్కలు, ఇంకో మూడు నిమిషాలకు దంచిన పొడి, కొత్తిమీర. పొడి పడ్డాక రెండు పొంగులు చాలు.

మరునాటి పులుసు

వండిన పూటకన్నా మర్నాడు పొద్దున పులుసు బాగుంటుందనేది జిల్లా అంతటా ఉన్న మాట, దానికి కారణమూ ఉంది. ఉప్పు, పులుపు, కారం కండలోకి మెల్లగా దిగుతాయి. ఉడికే పది నిమిషాలు అందుకు చాలవు. తలలోంచి, చర్మంలోంచి, ముళ్ళలోంచి దిగిన జిగట పదార్థం చల్లారాక పులుసును చిక్కబరుస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు ఒక పొంగు రానిచ్చి మూత పెట్టడం పాత పద్ధతి. పులుపు సూక్ష్మజీవులను నెమ్మదింపజేస్తుందే గానీ పూర్తిగా ఆపదు. వేసవిలో ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు తినేంత మేరకు మాత్రమే తీసి బాగా మరిగించుకోవాలి. పొద్దున దోశలోకీ, ఇడ్లీలోకీ, చద్దన్నంలోకీ ఇదే పులుసు. మధ్యాహ్నం అన్నంలోకి ఒకప్పుడు ఈ జిల్లాకు పేరు తెచ్చిన మొలగొలుకుల బియ్యం ఉండేది. ఇప్పుడు ఎక్కువగా మసూరి రకాలు.

చుట్టాలు, హోటళ్ళు

తమిళుల మీన్ కుళంబు దీనికి దగ్గరి చుట్టం. కేరళలో చింతపండుకు బదులు కుడంపులి వేసి కొబ్బరి కలుపుతారు. నెల్లూరు పులుసులో కొబ్బరికి చోటు లేదు. గోదావరి జిల్లాల పులుసులో మామిడికాయ కన్నా బెండకాయ, వంకాయ ఎక్కువ కనిపిస్తాయి.

నెల్లూరు పేరుతో చేపల పులుసు హోటళ్ళు హైదరాబాదులో చాలా వెలిశాయి. హాస్యనటుడు కిరాక్ ఆర్పీ కూకట్‌పల్లిలో ఈ పులుసునే ముందుపెట్టి 2022 చివర్లో హోటల్ తెరిచినప్పుడు జనం బారులు తీరారు. పెద్ద ఎత్తున వండటంలో ఉన్న చిక్కు పాత్ర దగ్గర వస్తుంది. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే అడుగువి నలుగుతాయి, పైవి ఉడకవు, దాక ఊపడానికి చేతులు చాలవు. పెళ్ళిళ్ళలో, తిరణాళ్ళలో చేయి తిరిగిన వంటవాళ్ళు అందుకే పులుసు ఒక్క గంగాళంలో మరగబెట్టినా, చేప వేసేటప్పుడు నాలుగైదు వెడల్పాటి దాకల్లోకి పంచుకుంటారు.